రొట్టె లేని చలికాలం

మా అమ్మ దాదాపు పదేళ్ల పాటు ఒకే మాట చెప్పింది. "రాత్రిపూట చపాతీలు మొదలెట్టిన దగ్గర్నుంచే వీడి కడుపు పాడయింది" అని. నేనూ పదేళ్ల పాటు ఒకే సమాధానం చెప్పాను. "చపాతీ తింటే కడుపు పాడయ్యే మాటైతే పంజాబులో ఒక్కడూ మిగలడమ్మా" అని. లాజిక్కు నాదే గట్టిది మరి. నేను ఇంజినీరుని, ఆవిడ ఇంటర్ దగ్గర ఆపేసింది.

2024 ఫిబ్రవరిలో, హేగ్ నగరంలో ఒక డాక్టరమ్మ నా రక్తపరీక్ష కాగితం చూసి, ఆ తర్వాత ఎండోస్కోపీ చేయించి, నాకు సీలియాక్ జబ్బు ఉందని తేల్చింది. గోధుమ, బార్లీ, రై - ఈ మూడూ ఇక జన్మలో ముట్టుకోకూడదంది. మందులేం రాస్తారని అడిగితే, మందంటూ ఏమీ లేదు, మానెయ్యడమే మందు అంది. ఆ రాత్రి అమ్మకి ఫోన్ చేసి చెప్పాను. "నే చెప్పలా?" అంటుందని బిగుసుకుని కూచున్నా. అనలేదు. "మరి అక్కడ ఏం తింటావు నాన్నా?" అంది.

ఏం తినాలో వెతుక్కుంటూ చదవడం మొదలెడితే తేలిందేమిటంటే, ఈ మానెయ్యడం అనే మందుని లోకానికి నిరూపించి చూపించిన మనిషి పనిచేసింది నేను రోజూ ట్రాములో ఆఫీసుకెళ్లే ఈ హేగ్‌లోనే. ఆయనకి దారి చూపించింది కూడా ఒక తల్లేనట. ఆ సంగతి చదివిన రోజు నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. అందుకే ఇదంతా రాస్తున్నాను.

ముందు ఇక్కడి లంచి గురించి చెప్పాలి. డచ్చి వాళ్లు (మన మచిలీపట్నంలో 1600ల మొదట్లో కొట్లు పెట్టుకున్న ఆ డచ్చి వాళ్లే) మధ్యాహ్నం వండుకుని తినరు. రెండు రొట్టె ముక్కలు, మధ్యలో చీజు ముక్క, అంతే. మరీ సరదా పుడితే రొట్టె మీద వెన్న రాసి దాని మీద చాక్లెట్ పలుకులు జల్లుకుంటారు. పెద్ద పెద్ద మేనేజర్లు కూడా! దాంతో పాటు ఒక గ్లాసు మజ్జిగ. ఆ మజ్జిగ చూసి నాకు ప్రాణం లేచొచ్చింది, అది వేరే విషయం. 2023 సెప్టెంబరులో ఆన్‌సైట్ వచ్చిన దగ్గర్నుంచి అందరితో పాటు నేనూ రోజూ అదే తిన్నాను. రాత్రికి వండే ఓపిక లేక మళ్లీ రొట్టే. నాలుగు నెలల్లో ఆరు కిలోలు తగ్గాను. మెట్లెక్కితే ఆయాసం. హిమోగ్లోబిన్ ఎనిమిదికి వచ్చింది.

రక్తం తక్కువ ఉండటం నాకు కొత్త కాదు. ఇంజినీరింగ్ రోజుల నుంచీ అంతే. మన దగ్గర చూపించుకున్న ప్రతి చోటా ఐరన్ మాత్రలు రాశారు. వేసుకున్నన్నాళ్లు కాస్త పెరగడం, ఆపగానే దిగిపోవడం. "ఎందుకు తగ్గుతోంది" అని ఒక్కరూ అడగలేదు, నేనూ అడగలేదు. మా భాషలో చెప్పాలంటే మెమొరీ లీక్ అవుతోంటే రోజూ సర్వర్ రీస్టార్ట్ చేసుకుంటూ బతికేశాం.

అసలు లోపల జరిగేది ఇదీ. చిన్నపేగు లోపలి గోడ మఖమల్ గుడ్డలా సన్నటి నూగుతో ఉంటుంది. తిన్నదాంట్లో సారాన్ని పీల్చుకునేది ఆ నూగే. సీలియాక్ ఉన్నవాళ్లలో గోధుమలోని గ్లూటెన్ అనే ప్రోటీన్ పేగుకి తగిలితే ఒంట్లోని రక్షణ వ్యవస్థ దాన్ని శత్రువనుకుని దాడి చేస్తుంది. ఆ దాడిలో పోయేది మన నూగే. మఖమల్ కాస్తా నున్నటి పాలిథీన్ కవర్ అయిపోతుంది. ఐరన్ ఎక్కువగా పీల్చుకునేది చిన్నపేగు మొదటి భాగంలోనే కాబట్టి ముందుగా పడిపోయేది రక్తం. నేను పదేళ్లు మింగిన మాత్రల్లో చాలా భాగం ఎటు వచ్చినవి అటే పోయాయన్నమాట.

ఈ జబ్బు కొత్తదేం కాదు. క్రీస్తు తర్వాత రెండో శతాబ్దం నాటి గ్రీకు వైద్యుడు అరేటియస్ దీన్ని వర్ణించాడు. పొట్టకి గ్రీకు మాట కోయిలియా, దాన్నుంచే సీలియాక్ అన్న పేరు. ఆ తర్వాత చాలా శతాబ్దాలు పెద్దగా ఏమీ జరగలేదు. 1887లో లండన్ గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ పిల్లల ఆసుపత్రిలో శామ్యూల్ గీ అనే డాక్టరు దీని మీద ఒక ఉపన్యాసం ఇచ్చాడు, మరుసటేడు అది అచ్చయింది. పొట్ట ఉబ్బి, కాళ్లూ చేతులూ పుల్లల్లా అయిపోయి, ఎదుగుదల ఆగిపోయిన పిల్లలు. ఈ జబ్బు నయం కావడమంటూ జరిగితే అది తిండి వల్లే కావాలి అన్నాడు గీ. మహానుభావుడు, అక్కడిదాకా సరిగ్గా వచ్చాడు. ఆ తర్వాత ఏ తిండి మానాలో చెబుతూ అన్నం, సగ్గుబియ్యం, మొక్కజొన్న పిండి పనికిరావన్నాడు. మరేం పెట్టొచ్చయ్యా అంటే, పల్చగా కోసి రెండువైపులా బాగా కాల్చిన రొట్టె! సరిగ్గా తిరగేసి పట్టుకున్నాడు. నిర్దోషిని జైల్లో వేసి దొంగకి విందు పెట్టినట్టయింది.

గీ వ్యాసంలోనే ఇంకో ముచ్చట ఉంది. ఒక పిల్లాడికి రోజూ డచ్చి ఆల్చిప్పలు (మస్సెల్స్) పెడితే బ్రహ్మాండంగా కోలుకున్నాడట. ఆల్చిప్పల కాలం అయిపోగానే మళ్లీ జబ్బు పడ్డాడట. గీ ఇది రాసి ముందుకెళ్లిపోయాడు. ఇప్పుడు చదివే మనకి తెలుస్తుంది, ఆల్చిప్పల్లో మహత్యం ఏమీ లేదు, వాటితో కడుపు నిండితే రొట్టెకి చోటు ఉండదు, అంతే. కానీ ఏం పెట్టామో చూసే కళ్లకి ఏం పెట్టలేదో కనిపించదు.

ఇదే పొరపాటు ఇంకా పెద్ద ఎత్తున అమెరికాలో జరిగింది. 1924లో న్యూయార్క్ డాక్టరు సిడ్నీ హాస్ పదిమంది పిల్లల కథ ప్రచురించాడు. ఎనిమిది మందికి అరటిపళ్లు ప్రధానంగా పెట్టి, రొట్టె, బిస్కట్లు, బంగాళాదుంపలు, ధాన్యాలు ఆపేశాడు. ఆ ఎనిమిది మందీ కోలుకున్నారు, మిగతా ఇద్దరూ చనిపోయారు. ఇంకేముంది, అరటిపండు అమృతం అయిపోయింది. తర్వాత కొన్ని దశాబ్దాల పాటు అమెరికాలో ఈ పిల్లలకి అరటిపళ్లే వైద్యం. వాళ్లు నిజంగానే బతికారు కాబట్టి హాస్‌ని నేను తీసిపారెయ్యను. కానీ అరటిపండే మందు అనుకోవడంతో, పిల్లాడు కోలుకోగానే జబ్బు నయమైపోయిందని మళ్లీ రొట్టె పెట్టేవాళ్లు. బగ్ ఎక్కడుందో తెలియకుండా టికెట్ క్లోజ్ చేస్తే ఏమవుతుందో మనందరికీ తెలుసు కదా.

ఇప్పుడు హేగ్‌కి వద్దాం. విల్లెమ్ కారెల్ డికె 1905లో డోర్‌డ్రెక్ట్‌లో పుట్టాడు. 1936లో, ముప్ఫైయొకటో ఏట, హేగ్‌లోని యూలియానా పిల్లల ఆసుపత్రికి పెద్ద అయ్యాడు. ఆయన గురించి రాసినవాళ్లు చెప్పేదేమిటంటే, 1930లలోనే ఆయన చెవిన ఒక తల్లి మాట పడింది. ఈ జబ్బున్న తన బిడ్డకి రొట్టె మానిపిస్తే ఒంటి మీద దద్దుర్లు తగ్గిపోతున్నాయని ఆవిడ చెప్పిందట. అది ఆవిడ వంటింట్లో గమనించుకున్న విషయం. దానికి పుస్తకాల్లో ఏ ఆధారమూ లేదు. పైగా లండన్ నుంచి వచ్చిన పెద్దల మాట కాల్చిన రొట్టె పెట్టమనే. డికె చేసిన గొప్ప పని ఏమిటని నన్నడిగితే నేను చెప్పేది ఇదొక్కటే - ఆయన నవ్వి ఊరుకోలేదు.

ఆ మాట పట్టుకుని పిల్లలకి గోధుమ లేని తిండి పెట్టి చూడటం మొదలెట్టాడు. 1941లో, అంటే దేశం జర్మన్ల చేతిలో ఉండగానే, ఈ జబ్బుకి ఒక తేలికపాటి పథ్యం గురించి డచ్చి వైద్య పత్రికలో రాశాడు. ఈ తారీఖు ముఖ్యం, ఎందుకో చెబుతాను.

ఈ కథ నెట్‌లో ఎక్కడ చదివినా ఇలా ఉంటుంది. యుద్ధం చివర్లో కరువొచ్చింది, రొట్టె దొరక్క అందరూ చిక్కిపోతుంటే సీలియాక్ పిల్లలు మాత్రం కోలుకున్నారు, విమానాల్లోంచి రొట్టెలు పడగానే మళ్లీ జబ్బు పడ్డారు, అది చూసి డాక్టరుకి తళుక్కున వెలిగింది - అని. సినిమాకి బాగుంటుంది. జరిగింది అంతకంటే నెమ్మదైన విషయం. వెలగడం ఎప్పుడో వెలిగింది, కరువుకి మూడేళ్ల ముందే అచ్చయింది. కరువు చేసింది ఆయన అనుమానాన్ని గట్టి పరచడం.

ఆ కరువు సంగతి మాత్రం చిన్నది కాదు. 1944 సెప్టెంబరులో మిత్రసైన్యాలు దక్షిణం నుంచి వస్తున్నాయని, వాళ్లకి సాయంగా ప్రవాస ప్రభుత్వం పిలుపిస్తే డచ్చి రైల్వే వాళ్లు సమ్మె చేశారు. దానికి ప్రతీకారంగా జర్మన్లు పశ్చిమ ప్రాంతాలకి తిండి రవాణా ఆపేశారు. నవంబరులో కొంత సడలించారు గానీ ఈలోగా చలి ముదిరి కాలవలు గడ్డకట్టాయి, పడవలు కదల్లేదు. ఆమ్‌స్టర్‌డామ్, హేగ్, రోటర్‌డామ్ - మొత్తం ఆకలిలో పడ్డాయి. రేషన్ రోజుకి వెయ్యి కేలరీల లోపుకి, 1945 ఫిబ్రవరికి ఇంకా ఆరువందల లోపుకి దిగిపోయింది. జనం చక్కెర దుంపలు ఉడకబెట్టుకున్నారు, తులిప్ గడ్డలు తిన్నారు. సుమారు ఇరవై వేల మంది చనిపోయారంటారు. డచ్చి వాళ్లు దాన్ని ఆకలి చలికాలం అనే పిలుస్తారు. మా టీములో ఒక పెద్దాయన ఉన్నాడు, రిటైర్మెంటుకి దగ్గర్లో. ఆయన ప్లేటులో రొట్టె అంచు కూడా వదలడు. వాళ్లమ్మ వదలనిచ్చేది కాదట. తులిప్ గడ్డ రుచి ఎలా ఉంటుందో చెప్పేదట.

1945 మొదట్లో స్వీడన్ నుంచి రెడ్ క్రాస్ ఓడల్లో గోధుమపిండి, వనస్పతి వచ్చాయి. ఆ పిండితో ఇక్కడి బేకరీల్లోనే తెల్ల రొట్టె కాల్చి పంచారు. ఏప్రిల్ 29 నుంచి బ్రిటిష్ విమానాలు, తర్వాత అమెరికన్ విమానాలు తిండి మూటలు జారవిడిచాయి. ఊరు ఊరంతా ఆ తెల్ల రొట్టె చూసి ఏడ్చినవాళ్లే. ఆ సమయంలో డికె వార్డులో కథ మాత్రం తిరగబడి ఉంది. రొట్టె కరువైన నెలల్లో తేరుకున్న పిల్లలు రొట్టె రాగానే మళ్లీ పడిపోయారు. దేశమంతా పండగ చేసుకుంటున్న రొట్టె ఆ కొద్దిమంది పిల్లలకి విషం. ఆ మాట ఆ రోజుల్లో ఆ తల్లులకి చెప్పాల్సి రావడం ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోండి.

ఇక్కడితో ఆపేస్తే అది కూడా మా అమ్మ చపాతీ మాటలాగే మిగిలేది. డికె ఆపలేదు. యుద్ధం అయ్యాక పిల్లల్ని ఏళ్ల తరబడి గమనించాడు. ఒక ధాన్యం పెట్టడం, తీసెయ్యడం, మళ్లీ పెట్టడం, ప్రతిసారీ బరువు రాసుకోవడం. మనం గిట్‌లో బైసెక్ట్ చేసి ఏ కమిట్‌తో బిల్డ్ పగిలిందో పట్టుకుంటాం చూడండి, అచ్చం అదే. కాకపోతే మన బిల్డ్‌కి పది నిమిషాలు, ఆయన బిల్డ్‌కి నెలలు. ఇందులో ఆయనకి వాన్ డె కామర్ అనే రసాయన శాస్త్రవేత్త, వైయెర్స్ అనే మరో పిల్లల డాక్టరు కలిశారు. పిల్లల మలంలో ఎంత కొవ్వు పోతోందో కచ్చితంగా కొలిచే పద్ధతి ఒకటి వాన్ డె కామర్ తయారుచేశాడు. వినడానికి బాలేదు గానీ, మొత్తం కథని నమ్మకం నుంచి కొలతకి మార్చింది అదే. గోధుమ, రై పెడితే కొవ్వు పోవడం పెరుగుతోంది. అన్నం, మొక్కజొన్న, బంగాళాదుంప పెడితే లేదు. గీ గారు జైల్లో వేసిన అన్నం అరవై ఏళ్ల తర్వాత విడుదలైంది :)

1950లో డికె దీని మీదే ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయానికి థీసిస్ ఇచ్చాడు. 1952లో ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ డాక్టర్లు కూడా గోధుమలో తప్పు పిండిపదార్థానిది కాదు, గ్లూటెన్‌ది అని లాన్సెట్‌లో రాశారు. డికె బృందం వ్యాసాలు 1953లో వచ్చాయి. 1956లో మార్గో షైనర్ అనే డాక్టరమ్మ గొట్టం పంపి చిన్నపేగు ముక్క తీసే పద్ధతి చూపించాక ఇక సందేహం మిగల్లేదు. డికె 1957లో ఉట్రెక్ట్ పిల్లల ఆసుపత్రికి వెళ్లాడు, 1962లో చనిపోయాడు. యాభై ఏడేళ్లే.

గోధుమ వద్దని తేలింది సరే, రొట్టె తినే దేశాల్లో రొట్టె లేకుండా ఎలా? అక్కడే అసలు తిప్పలు మొదలు. గోధుమపిండి ముద్దని నీళ్లలో పిసుకుతూ కడిగితే గంజంతా పోయి చివరికి బబుల్‌గమ్ లాంటి జిగురు మిగులుతుంది. ఇటలీలో బెక్కారి అనే ఆయన 1728లో దీని గురించి చెప్పాడు. అదే గ్లూటెన్. ఆ మాటకి లాటిన్‌లో అర్థం జిగురే. పిండి పులిసినప్పుడు పుట్టే గాలిని బెలూన్‌లా పట్టి ఉంచేది ఆ జిగురు. అది లేకపోతే గాలి తప్పించుకుపోతుంది, రొట్టె కాస్తా ఇటుక అవుతుంది. కాబట్టి రొట్టెకి ప్రత్యామ్నాయం వెతకడం అంటే వేరే పిండి వెతకడం కాదు, వేరే జిగురు వెతకడం.

మొదట్లో గోధుమలోంచి ప్రోటీన్ కడిగేసిన గంజిపిండితోనే రొట్టెలు చేశారు. తర్వాత జాంతన్ గమ్ వచ్చింది. అమెరికా వ్యవసాయ శాఖ వాళ్ల పియోరియా ప్రయోగశాలలో అలీన్ జీన్స్ అనే రసాయన శాస్త్రవేత్త బృందం దాన్ని వెలికితీసింది, 1969లో తిండిలో వాడటానికి అనుమతి వచ్చింది. క్యాబేజీకి తెగులు తెచ్చే బాక్టీరియా విడిచే జిగురది! అన్నట్టు 1968లో బ్రిటన్‌లో సీలియాక్ రోగుల సంఘం పెట్టినవాళ్లలో ఒకడు పీటర్ బెనెన్సన్. ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ స్థాపించిన ఆ బెనెన్సనే. ఆయనకీ ఈ జబ్బుండేది. ఖైదీల కోసం పోరాడి ఇంటికొచ్చి తినడానికి రొట్టె దొరక్కపోతే ఎంత చిరాకో ఆయనకి తెలిసుంటుంది.

నా ప్రయోగాలు చెబుతాను. ఇక్కడ సూపర్ మార్కెట్లో గ్లూటెన్ లేని రొట్టె దొరుకుతుంది. మామూలు రొట్టెకి రెండు మూడింతల ధర, సగం సైజు. చల్లగా తింటే థర్మోకోల్. కాల్చుకుంటే పర్లేదు. నెల రోజులు తిని విసుగొచ్చి సొంతంగా మొదలెట్టాను. నాలుగో ప్రయత్నంలో కుదిరిన లెక్క ఇది. బియ్యప్పిండి 200 గ్రాములు, జొన్నపిండి 100, బంగాళాదుంప గంజి 100, ఈస్టు, ఉప్పు, రెండు చెంచాల నూనె, 400 మిల్లీలీటర్ల నీళ్లు, వీటన్నిటినీ పట్టి ఉంచడానికి 20 గ్రాముల ఇసబ్‌గోల్ పొట్టు. అవును, మన ఇళ్లల్లో మలబద్ధకానికి వాడే ఇసబ్‌గోలే. నీళ్లలో వేస్తే జెల్లీలా ఉబ్బుతుంది కదా, ఆ జెల్లీయే ఇక్కడ గ్లూటెన్ పని చేస్తుంది. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఖరీదైన గ్లూటెన్ రహిత బేకరీ రొట్టె ప్యాకెట్ వెనక చదివితే కనిపించేదీ అదే. ప్రపంచంలో అది ఎక్కువగా పండేది మన దేశంలో, దాని పెద్ద మార్కెట్టు గుజరాత్‌లోని ఊంఝాలో. మనం పంపించినదే మళ్లీ యూరోలు పెట్టి కొనుక్కుంటున్నామన్నమాట.

అమ్మకి ఈ లెక్కంతా ఫోన్లో చెబితే, "ఇంత యాతన దేనికిరా, మినపరొట్టి కాల్చుకోక" అంది.

నిజమే కదా! తెనాలిలో మా ఇంట్లో దిబ్బరొట్టి అంటే ఆదివారం. ఒక వంతు మినప్పప్పు, రెండు వంతులు బియ్యపు రవ్వ, బరువైన మూకుడు, సన్నటి సెగ, పైన మూత. పైన కరకర, లోపల మెత్తన. జిగురు లేకుండా అది ఎలా పొంగుతోంది? ఇడ్లీ ఎలా పొంగుతోంది? మైసూరు సి.ఎఫ్.టి.ఆర్.ఐ. శాస్త్రవేత్తలు 1970లలో ఇది పరిశోధించారు. మినప్పప్పులో రెండు పదార్థాలున్నాయి. ఒక ప్రోటీన్ రుబ్బేటప్పుడు నురగ కట్టిస్తుంది, ఒక జిగట పదార్థం ఆ నురగ విరిగిపోకుండా నిలబెడుతుంది. పిండి పులిసేటప్పుడు బాక్టీరియా పుట్టించే గాలి అందులో చిక్కుకుంటుంది. రుబ్బిన మినప్పిండి చేతికి ఎందుకు జారుతుందో ఇన్నాళ్లకి తెలిసింది. రొట్టె తినే దేశాల వాళ్లు వెతుక్కున్న జిగురు మన రుబ్బురోట్లోనే ఉంది. అలా అని మన పూర్వీకులకి అన్నీ ముందే తెలుసు టైపు మాటలు చెప్పబోవట్లేదు. వాళ్ల దగ్గర గోధుమ లేదు, మినుములున్నాయి, అంతే.

ఆ "గోధుమ లేదు" అన్నదాని దగ్గరే నా కథ ఉంది. 2016లో వచ్చిన ఒక అధ్యయనంలో ఉత్తర, ఈశాన్య, దక్షిణ భారతాల్లో కలిపి 23 వేల మందికి పైగా పెద్దవాళ్లని పరీక్షించారు. ఈ జబ్బుకి వీలు కల్పించే జన్యువులు ఉత్తరాన నూటికి 38 మందిలో ఉంటే దక్షిణాన 36 మందిలో ఉన్నాయి. ఇంచుమించు సమానం. జబ్బు మాత్రం ఉత్తరాన వెయ్యికి ఎనిమిది మందికి పైగా, దక్షిణాన సుమారు పదివేలకి ఒక్కరు. తేడా ఎక్కడుంది? వాళ్లు రోజుకి సగటున 455 గ్రాముల గోధుమ తింటున్నారు, దక్షిణాది వాళ్లు 25 గ్రాములు. తిండి ఒక్కటే కారణమని అధ్యయనం తేల్చేయలేదు గానీ, ఆ అంకెల పక్కన నా పదో తరగతి గుర్తొచ్చింది. కోడ్ మనలోనూ ఉంది. దాన్ని కాల్ చేసే ఫంక్షనే తక్కువ.

ఆ ఫంక్షన్ మన ఇళ్లల్లోకి కాస్త కాస్తగా వచ్చింది. 1956లో పి.ఎల్. 480 కింద అమెరికా గోధుమలకి ఒప్పందం, 1966 కరువులో దాదాపు కోటి టన్నుల ధాన్యం దిగుమతి. ఉత్తర భారత పిల్లల్లో ఈ జబ్బు గురించి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్యాసం వచ్చిందీ 1966లోనే. మన వైపు మాత్రం చాలాకాలం గోధుమంటే జ్వరానికి బ్రెడ్డు, పండక్కి బొబ్బట్టు, చుట్టాలొస్తే పూరీ. చపాతీని మన రాత్రి భోజనం చేసింది అమెరికా కాదు, షుగరు. 2012లో మా నాన్నకి షుగర్ అన్నారు. రాత్రిపూట అన్నం మానేసి చపాతీ తినమన్నారు. ఒక్కరి కోసం వేరే వండటం ఎందుకని అందరికీ అదే. నేనప్పుడు పదో తరగతి. అమ్మ చెప్పిన తారీఖు అక్షరాలా సరిపోయింది.

ఇది చదివి ఎవరైనా రేపు పొద్దున్నే గోధుమ మానేస్తారేమో, దయచేసి వద్దు. కడుపుబ్బరం, తగ్గని రక్తహీనత లాంటివి ఉంటే ముందు టీ.టీ.జీ. అనే రక్తపరీక్ష చేయించుకోండి, అదీ గోధుమ తింటూ ఉండగానే. మానేశాక చేయిస్తే జబ్బున్నా లేనట్టు రావచ్చు. ఏమీ లేనివాళ్లు బరువు తగ్గడానికి గ్లూటెన్ మానడం నాకు అర్థం కాదు. హైదరాబాదులో బియ్యం సంచి మీద కూడా గ్లూటెన్ ఫ్రీ అని అచ్చేసి అమ్ముతుంటే నవ్వాలో ఏడవాలో తెలీదు.

నిజంగా మానాల్సినవాళ్లకి అది అంత తేలిక కాదు. గ్లూటెన్ లేనిది అనిపించుకోవాలంటే కిలోకి 20 మిల్లీగ్రాములు దాటకూడదన్నది అంతర్జాతీయ లెక్క. అంటే మన పిండిమరలో గోధుమలు పట్టిన రాయి మీదే జొన్నలు పడితే ఆ జొన్నరొట్టె నాకు పనికిరాదు. బొంబాయి రవ్వ, సేమియా, మైసూరు బోండా, కాజా పోయాయి. అరిసెలు, సున్నుండలు, పూతరేకులు మిగిలాయి. బూరెలు కూడా (తోపు పిండి మినపప్పూ బియ్యమే కదా). ఇంతకంటే నన్ను దెబ్బకొట్టింది ఇంగువ. అమ్మ ప్రేమగా పంపిన పచ్చళ్లు, పప్పుపొడి, చారుపొడి తింటూ రెండు నెలలైనా రక్తపరీక్షలో అంకె దిగట్లేదు. చివరికి అమ్మ చేత ఇంగువ డబ్బా వీడియో కాల్లో చూపించమన్నాను. వెనక చిన్న అక్షరాల్లో ఉంది, మైదా అని. పొడి ఇంగువలో చాలావాటికి మైదానో బియ్యప్పిండో కలుపుతారు, లేబుల్ చూసుకోవాలి. అమ్మ ఆ డబ్బా వైపు చాలాసేపు చూసింది. "నా చేత్తో నేనే పెట్టానా" అంది. "నీకేం తెలుసమ్మా" అంటే వినలేదు.

మొన్న ఒక శుక్రవారం దిబ్బరొట్టి కాల్చి ఆఫీసుకి పట్టుకెళ్లాను. మా టీము పెద్దాయన ఒక ముక్క తీసుకుని, దాని మీద చీజు పెట్టుకుని (ఆపలేకపోయాను), నములుతూ ఇందులో రొట్టె ఎక్కడుంది అనడిగాడు. ఇదే రొట్టె అన్నాను. అంచుతో సహా తినేశాడు.

ఆ రాత్రి అమ్మకి ఈ డికె కథంతా చెప్పాను. ఆకలి చలికాలం, తులిప్ గడ్డలు, ఆల్చిప్పలు, అరటిపళ్లు అన్నీ. మధ్యలో ఒక్క ప్రశ్న కూడా వెయ్యకుండా విన్నది. అంతా అయ్యాక, "ఆ పిల్లాడి తల్లి పేరేంటి?" అనడిగింది.

పేరు ఎక్కడా రాయలేదమ్మా అన్నాను.

"పోనీలే. ఈసారి వచ్చే వాళ్ల చేత కారప్పొడి పంపిస్తున్నా. ఇంగువ వెయ్యలేదు, వెల్లుల్లి ఎక్కువేశాను. మిర్చి కూడా మర పట్టించలేదు, మిక్సీలోనే వేశాను" అంది.

మూడు నెలల తర్వాత హిమోగ్లోబిన్ పన్నెండున్నర.